తేదీ బదులు ##### కనిపిస్తోందా? సరిచేసే ముందు ఇది చదవండి

ఎక్సెల్‌లో తేదీ ఉండాల్సిన సెల్‌లో వరసగా హ్యాష్ గుర్తులు కనిపిస్తే, ముందుగా నేను చెప్పేది ఒకటే: ఆ సెల్‌లో కొత్తగా ఏమీ టైప్ చేయొద్దు. మీ తేదీ ఎక్కడికీ పోలేదు. ఫైల్ పాడవలేదు, వైరస్ రాలేదు. చాలాసార్లు కాలమ్ వెడల్పు చాలకపోవడం వల్లే అలా కనిపిస్తుంది, రెండు సెకన్లలో సరిపోతుంది. కొన్నిసార్లు మాత్రం లోపల ఉన్న విలువలోనే తేడా ఉంటుంది, అప్పుడు కాలమ్ ఎంత పెంచినా లాభం లేదు. ఈ రెండింట్లో మీది ఏదో ముందు తేల్చుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పనిచేసిన ఒక చోట గడువు తేదీల షీట్ ఒకటి ఉండేది. మొదలు తేదీ ఒక కాలమ్‌లో కొడితే, గడువు తేదీ పక్క కాలమ్‌లో ఫార్ములా ద్వారా దానంతట అదే వచ్చేది. ఎవరో ఆ కాలమ్‌ను కాస్త ఇరుకు చేయడంతో గడువులన్నీ హ్యాష్‌లుగా మారాయి, ఇంకొకరు అది చూసి డేటా పోయిందనుకుని పాత కాగితాలు తీసి తేదీలన్నీ మళ్లీ చేత్తో కొట్టారు. పాపం శ్రద్ధగానే కొట్టారు. కానీ దాంతో ఫార్ములాలు పోయాయి, తర్వాత మొదలు తేదీలు మారినా గడువులు కదల్లేదు, అది మాకు తెలిసేసరికి రెండు గడువులు దాటిపోయాయి. ఆ కాలమ్ గీత మీద ఒక్క డబుల్ క్లిక్ చేసి ఉంటే సరిపోయేది.

మీ సమస్య ఏ రకమో తేల్చే పరీక్ష

ఆ సెల్ మీద ఒకసారి క్లిక్ చేసి పైన ఫార్ములా బార్ చూడండి. అక్కడ మామూలు తేదీ కనిపిస్తే విలువ బాగానే ఉంది, వెడల్పే సమస్య. అక్కడ ఫార్ములా ఉంటే మాత్రం బార్ చూసి ఏమీ చెప్పలేం, కాబట్టి రెండో పని చేయండి: కాలమ్ గీతను పట్టుకుని కుడివైపు బాగా లాగండి, మామూలుకు రెండు మూడు రెట్లు. తేదీ బయటపడిందా, అయిపోయింది. అలా కాకుండా కాలమ్‌తో పాటు హ్యాష్‌లు కూడా పెరుగుతూ సెల్ మొత్తం నిండిపోతుంటే అది వెడల్పు సమస్య కాదు, లోపల ఉన్న సంఖ్య తేదీగా చూపించడానికి వీల్లేనిది. దాని సంగతి కింద వివరంగా రాశాను.

మౌస్‌ను ఆ సెల్ మీద కాసేపు ఆపి ఉంచినా చిన్న పెట్టెలో అసలు విలువ కనిపిస్తుంది. ఎవరో పంపిన లాక్ చేసిన షీట్‌లో కాలమ్ కదపడానికి కుదరనప్పుడు నాకు ఇది చాలాసార్లు పనికొచ్చింది. నెగటివ్ తేదీ అయితే ఆ పెట్టెలోనే, తేదీ నెగటివ్‌గా ఉన్నా మరీ పెద్దదైనా ఇలా కనిపిస్తుందని హెచ్చరిక వస్తుంది.

ఇంకో తేడా గమనించండి. హ్యాష్ తర్వాత ఏదైనా పదం ఉంటే, అంటే #వాల్యూ!, #రెఫ్!, #నేమ్? లాంటివి, అవి నిజమైన ఎర్రర్లు, ఫార్ములాలో తప్పుంది. ఉత్త హ్యాష్‌లు మాత్రమే ఉంటే అది ఎర్రర్ కాదు, చూపించడంలో వచ్చిన ఇబ్బంది మాత్రమే. ఈ రెండింటినీ ఒకటే అనుకుని చాలామంది లేనిపోని టెన్షన్ పడతారు.

అసలు సగం తేదీ అయినా ఎందుకు చూపించదు?

మాటలైతే పక్క సెల్ ఖాళీగా ఉంటే అందులోకి పారిపోతాయి, పక్క సెల్ నిండి ఉంటే సరిహద్దు దగ్గర తెగిపోయి కనిపిస్తాయి. తేదీ మాత్రం పక్కన ఎంత ఖాళీ ఉన్నా అడుగు దాటదు. ఇది విసుగ్గా అనిపించొచ్చు గానీ, నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్ చేసే మంచి పనుల్లో ఇది ఒకటి. ఎందుకో చూడండి.

25-12-2024 అనే తేదీ ఉంది. సెల్ ఇరుకై చివరి రెండు అంకెలు తెగిపోతే 25-12-20 మిగులుతుంది. అది చూసినవాళ్లకు ఏదో తెగిపోయిందని అనుమానం కూడా రాదు, 2020 డిసెంబర్ అని చదువుకుంటారు. పదం సగంలో తెగితే చూడగానే తెలిసిపోతుంది, తేదీ సగంలో తెగితే ఇంకో తేదీ అయి కూర్చుంటుంది. నాలుగేళ్ల తేడా, అదీ ఎవరికీ కనిపించని తేడా. అందుకే మొత్తం చూపించడానికి చోటు లేకపోతే అసలేమీ చూపించకుండా హ్యాష్‌లు పెడుతుంది.

మామూలు సంఖ్యల దగ్గర దీనికి ఇంకో దారి ఉంది. జనరల్ ఫార్మాట్‌లో ఉన్న 3.14159265 ఇరుకు సెల్‌లో పడితే దశాంశాలు తగ్గించి 3.1416 అని చూపిస్తుంది, మరీ పెద్ద సంఖ్య అయితే ఘాతాల రూపంలోకి మారుస్తుంది. తేదీని అలా రౌండ్ చేయలేం కదా. మీరు ఏ ఫార్మాట్ ఇచ్చారో అదే ఫార్మాట్‌లో పూర్తిగా పట్టాలి, లేదంటే హ్యాష్‌లే.

ఇక్కడ లోపలి సంగతి కొంచెం తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే ఒక సంఖ్య. 1900 జనవరి 1 అంటే 1, అక్కడినుంచి రోజుకు ఒకటి చొప్పున పెరుగుతుంది. 2025 జనవరి 1 అంటే 45658. టైమ్ అంటే ఆ రోజులో భిన్నం, మధ్యాహ్నం 12 గంటలు 0.5, ఉదయం 6 గంటలు 0.25. మనకు కనిపించే రోజు, నెల, సంవత్సరం అంతా ఆ సంఖ్యకు తొడిగిన చొక్కా లాంటిది, దాన్నే ఫార్మాట్ అంటున్నాం. చొక్కా మార్చినా మనిషి మారడు. నమ్మకం కుదరకపోతే ఏదైనా తేదీ సెల్‌ను జనరల్ ఫార్మాట్‌కు మార్చి చూడండి, ఆ సంఖ్య బయటపడుతుంది, కంట్రోల్ + జెడ్ కొడితే మళ్లీ తేదీ వచ్చేస్తుంది.

వెడల్పు సమస్య అయితే

అన్నింటికంటే సులువైనది డబుల్ క్లిక్. పైన కాలమ్ అక్షరాల వరసలో, మీ కాలమ్‌కు కుడివైపు గీత మీద మౌస్ పెడితే రెండు వైపులా బాణాలున్న గుర్తు వస్తుంది, అప్పుడు డబుల్ క్లిక్ చేయండి. ఆ కాలమ్‌లో అన్నింటికంటే పొడవైనదానికి సరిపోయేలా వెడల్పు సర్దుకుంటుంది. షీట్ మొత్తం ఒకేసారి కావాలంటే కంట్రోల్ + ఏ కొట్టి అన్నీ సెలెక్ట్ చేసి, ఏదో ఒక గీత మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. కీబోర్డ్ అలవాటు ఉన్నవాళ్లు విండోస్‌లో ఆల్ట్ కొట్టి వదిలి, తర్వాత వరసగా హెచ్, ఓ, ఐ కొట్టండి.

ఒక చిక్కు ఉంది. మొదటి వరసలో షీట్ పేరు పొడుగ్గా రాసి ఉంటే డబుల్ క్లిక్ ఆ పేరుకు సరిపోయేంత వెడల్పు చేసేస్తుంది, తేదీ కాలమ్ స్క్రీన్ సగం ఆక్రమిస్తుంది. అలాంటప్పుడు తేదీలున్న సెల్స్ మాత్రమే సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లో ఫార్మాట్ కింద ఉండే ఆటోఫిట్ కాలమ్ విడ్త్ నొక్కండి. సెలెక్ట్ చేసినవాటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఇది తెలియక గీతలు పట్టుకుని చేత్తో జరుపుతూ కూర్చునేవాళ్లు చాలామంది. ఇంకొకటి, మర్జ్ చేసిన, అంటే రెండు మూడు కలిపి ఒకటిగా చేసిన సెల్స్‌కు ఆటోఫిట్ పనిచేయదు. వాటిని చేత్తోనే లాగాలి, లేదా ముందు మర్జ్ తీసేయాలి. నా సలహా అడిగితే తేదీలున్న కాలమ్‌లో మర్జ్ అనేదే పెట్టొద్దు, తర్వాత సార్టింగ్‌కు కూడా అడ్డమే.

"నేను తేదీ కొట్టినప్పుడు బాగానే ఉంది, తర్వాత హ్యాష్‌లు వచ్చాయి" అని కొందరు అంటారు, అది నిజమే. కొత్త షీట్‌లో తేదీని చేత్తో టైప్ చేస్తే, చోటు చాలకపోయినా ఎక్సెల్ తానే కాలమ్‌ను కాస్త పెంచుతుంది. కానీ ఆ కాలమ్ వెడల్పును మీరు ఒక్కసారి చేత్తో మార్చారంటే ఇక అది దాన్ని ముట్టుకోదు, మీరు కావాలనే అలా పెట్టుకున్నారని అనుకుంటుంది. ఫార్ములా ఫలితం మారి తేదీ పొడుగైనప్పుడు కూడా పెంచదు. వేరే షీట్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే తేదీ, ఫార్మాట్ వస్తాయి గానీ అక్కడి వెడల్పు రాదు. దానికి పేస్ట్ స్పెషల్‌లో కాలమ్ విడ్త్స్ అని విడిగా ఒక ఆప్షన్ ఉంది, పెద్ద పట్టికలు కాపీ చేసేటప్పుడు మామూలు పేస్ట్ తర్వాత అది కూడా ఒకసారి కొట్టండి.

కాలమ్ పెంచడానికి చోటు లేదు, పేజీలో ఇంకో పది కాలమ్‌లు ఉన్నాయి అంటే ఫార్మాట్ చిన్నది చేయండి. తేదీలు సెలెక్ట్ చేసి కంట్రోల్ + 1 కొడితే ఫార్మాట్ సెల్స్ పెట్టె తెరుచుకుంటుంది. నంబర్ ట్యాబ్‌లో డేట్ కింద పొట్టిగా ఉన్నది ఒకటి ఎంచుకోండి, లేదా కస్టమ్‌లోకి వెళ్లి మీకు కావలసింది రాయండి. డి రెండుసార్లు, ఎం రెండుసార్లు, వై నాలుగుసార్లు, మధ్యలో అడ్డగీతలు: ఇలా ఇస్తే ఏ తేదీ అయినా సరిగ్గా పది గుర్తులే వస్తుంది. నేను వాడేది ఇదే, ఎక్కువమందికి సరిపోయేదీ ఇదే అనుకుంటాను. వై రెండుసార్లే ఇస్తే ఎనిమిదికి తగ్గుతుంది, కానీ 1930 తర్వాతి పుట్టిన తేదీలూ ఈమధ్య తేదీలూ కలిసి ఉన్న షీట్‌లో సంవత్సరం రెండంకెలుగా ఉంటే చదివేవాళ్లు పొరబడతారు. సంవత్సరం అన్ని వరసల్లో ఒకటే అయితే దాన్ని కాలమ్ పేరులో రాసేసి, సెల్స్‌లో రోజు, నెల మాత్రమే చూపించండి, లోపల సంవత్సరం ఎలాగూ ఉంటుంది.

నెల పేరు పూర్తిగా చూపించే ఫార్మాట్, అంటే ఎం నాలుగుసార్లు, దీంతో మాత్రం జాగ్రత్త. మే నెలలో తయారుచేసిన షీట్ మే నెలంతా బ్రహ్మాండంగా ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో మే అంటే మూడే అక్షరాలు. సెప్టెంబర్ వచ్చేసరికి అది తొమ్మిది అక్షరాలు. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ఒకరోజు పొద్దున హ్యాష్‌లు ప్రత్యక్షమవుతాయి. వారం పేరు కూడా ఉంటే ఇంకా ఘోరం, సెప్టెంబర్‌లో వచ్చే బుధవారం అన్నింటికంటే పొడుగు. అలాంటి ఫార్మాట్ తప్పనిసరి అయితే ఏదో ఒక సెల్‌లో 24-09-2025 వేసి (అది బుధవారమే), ఆ ఫార్మాట్ ఇచ్చి, దానికి ఆటోఫిట్ చేసి, తర్వాత ఆ సెల్ చెరిపేయండి. ఏడాదంతా దిగులుండదు.

తేదీతో పాటు టైమ్ కూడా వచ్చే డేటా ఇంకో మామూలు కారణం. ఏదైనా సాఫ్ట్‌వేర్ నుంచి దించుకున్న షీట్‌లో తేదీ పక్కనే గంటలు, నిమిషాలు ఉంటాయి, దాంతో వెడల్పు రెట్టింపు కావాలి. టైమ్ మీకు అక్కర్లేకపోతే తేదీ మాత్రమే చూపించే ఫార్మాట్ ఇస్తే చాలు. అయితే టైమ్ కనిపించకపోయినా లోపల ఉంటుంది, రెండు తేదీలు సమానమా కాదా అని పోల్చినప్పుడు అది అడ్డం వస్తుంది. పూర్తిగా తీసేయాలంటే పక్క కాలమ్‌లో ఇంట్ ఫంక్షన్ వాడి పూర్ణాంకం మాత్రమే తీసుకోండి. (ఇక్కడ ఫంక్షన్ పేర్లు తెలుగులో రాస్తున్నాను, షీట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

చిన్న చిన్న కారణాలు కూడా ఉన్నాయి: బోల్డ్ చేయడం, ఫాంట్ పెద్దది చేయడం, అలైన్‌మెంట్‌లో ఇండెంట్ ఇవ్వడం. ముఖ్యంగా ఇండెంట్ కంటికి తెలియదు గానీ చోటు తినేస్తుంది.

ఇక ర్యాప్ టెక్స్ట్. మాటలకు బాగా పనిచేస్తుంది కదా అని తేదీలకూ చాలామంది నొక్కుతారు, ఇరుకు సెల్‌లో తేదీకి అది పనిచేయదు, హ్యాష్‌లు అలాగే ఉంటాయి. అలైన్‌మెంట్ ట్యాబ్‌లో ఉండే ష్రింక్ టు ఫిట్ పనిచేస్తుంది. అక్షరాల సైజు మార్చకుండానే కనిపించేది మాత్రం చిన్నది చేస్తుంది. ఒకటి రెండు సెల్స్‌కు పరవాలేదు. కాలమ్ మొత్తానికి పెడితే ఒక్కో తేదీ ఒక్కో సైజులో కనిపించి చదవడానికి కష్టమవుతుంది, ప్రింట్ తీస్తే ఇంకా కష్టం. తప్పనప్పుడే వాడండి.

టెక్స్ట్‌గా మార్చొద్దు

వెతికితే ఎక్కువగా దొరికే చిట్కా ఒకటుంది, టెక్స్ట్ ఫంక్షన్‌తో తేదీని మాటగా మార్చేయమని. మారిస్తే నిజంగానే హ్యాష్‌లు పోతాయి, పక్క సెల్‌లోకి కూడా పారుతుంది. కానీ అది ఇక తేదీ కాదు, అక్షరాల వరస. సార్ట్ చేసి చూడండి, 01-12-2024 ముందు వచ్చి 02-01-2023 తర్వాత వస్తుంది, ఎందుకంటే ఎడమ నుంచి అక్షరాలను పోల్చుకుంటూ పోతుంది. సంవత్సరాల వారీగా, నెలల వారీగా ఫిల్టర్ చేసే చెట్టు లాంటి జాబితా మాయమవుతుంది. డేటాను గుంపులుగా కూడి చూపించే పివట్ పట్టికలో నెలలుగా గుంపు చేయడం కుదరదు. ఒక కాలమ్ ఇరుకుగా ఉందని డేటాను పాడుచేసుకోవడం ఇది, దయచేసి చేయొద్దు. ఒక వాక్యం మధ్యలో తేదీ చూపించాలంటే, అంటే "ఈ పట్టిక ఫలానా తేదీ వరకు" లాంటిది రాయాలంటే, టెక్స్ట్ ఫంక్షన్ సరైనదే. అప్పుడు కూడా అసలు తేదీ వేరే సెల్‌లో తేదీగానే ఉండాలి.

మీ షీట్‌లో ఉన్నవి తేదీలా, మాటలా అన్న అనుమానం వస్తే అలైన్‌మెంట్ చూడండి. మీరేమీ మార్చకపోతే తేదీలు కుడివైపు, మాటలు ఎడమవైపు ఉంటాయి.

కాలమ్ ఎంత పెంచినా హ్యాష్‌లే వస్తుంటే

ఎక్సెల్ తేదీగా చూపించగలిగే సంఖ్యలకు రెండు హద్దులున్నాయి. కింద సున్నా, దానికంటే తక్కువైతే, అంటే నెగటివ్ అయితే చూపించలేదు. పైన 9999 డిసెంబర్ 31, దాని సంఖ్య 2958465, అది దాటినా చూపించలేదు. మీ సెల్ ఎటువైపు దాటిందో చూడాలంటే ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చండి. మైనస్‌తో సంఖ్య వస్తే ఒక కథ, చాంతాడంత సంఖ్య వస్తే ఇంకో కథ.

మైనస్ ఎక్కువగా టైమ్ లెక్కల్లో వస్తుంది. రాత్రి 10 గంటలకు డ్యూటీ ఎక్కి ఉదయం 6 గంటలకు దిగారు. దిగిన టైమ్‌లోంచి ఎక్కిన టైమ్ తీసేస్తే 0.25లోంచి సుమారు 0.9167 తీసినట్టు, అంటే నెగటివ్. ఫలితం టైమ్ ఫార్మాట్‌లో ఉంటే హ్యాష్‌లు. అర్ధరాత్రి దాటిందని ఎక్సెల్‌కు మనం చెప్పలేదు కదా, దానికేం తెలుసు. దీనికి మాడ్ ఫంక్షన్ చక్కగా పనిచేస్తుంది: ఎక్కిన టైమ్ ఏ2లో, దిగిన టైమ్ బీ2లో ఉంటే =మాడ్(బీ2-ఏ2,1) అని రాయండి, 8 గంటలు వస్తుంది. పగటి డ్యూటీకి కూడా అదే ఫార్ములా సరైన జవాబే ఇస్తుంది కాబట్టి కాలమ్ మొత్తానికి లాగేయొచ్చు. 24 గంటలు దాటే డ్యూటీలుంటే మాత్రం ఇది పనికిరాదు, అప్పుడు తేదీ, టైమ్ రెండూ కలిపి ఒకే సెల్‌లో పెట్టి తీసివేయడమే సరైన పద్ధతి. వారం మొత్తం గంటలు కూడినప్పుడు 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంటే కస్టమ్ ఫార్మాట్‌లో గంటలకు వాడే హెచ్ అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి.

తేదీల తీసివేతలో కూడా ఇదే జరుగుతుంది. గడువులోంచి ఈరోజు తేదీ తీసేసి ఇంకా ఎన్ని రోజులుందో చూసుకుంటాం. గడువు దాటిపోతే జవాబు నెగటివ్, ఆ సెల్ పొరపాటున తేదీ ఫార్మాట్‌లో ఉంటే హ్యాష్‌లు. గడువు దాటినవాటినే మనం ముందుగా చూడాలి, సరిగ్గా అవే కనిపించకుండా పోతాయి. ఇక్కడ జవాబు రోజుల సంఖ్య, తేదీ కాదు. ఫార్మాట్‌ను జనరల్ లేదా నంబర్ చేస్తే మైనస్ 12 అని శుభ్రంగా కనిపిస్తుంది, అంటే గడువు దాటి 12 రోజులైంది.

1904 తేదీ పద్ధతికి, అంటే రోజులను 1900 బదులు 1904 నుంచి లెక్కపెట్టే పద్ధతికి మార్చమని కూడా ఒక సలహా వినిపిస్తుంది. పాత మ్యాక్ ఎక్సెల్ నుంచి వచ్చిన ఆప్షన్ అది, సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది, అది పెడితే నెగటివ్ తేదీలు, టైమ్‌లు మైనస్‌తో కనిపిస్తాయి. కానీ ఆ ఫైల్‌లో అప్పటికే ఉన్న ప్రతి తేదీ 1462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు ముందుకు జరుగుతుంది. కొత్త ఖాళీ ఫైల్‌లో, అదీ వేరే ఫైళ్లతో సంబంధం లేనప్పుడు తప్ప నేనైతే దాని జోలికి వెళ్లను.

ఇక పెద్ద సంఖ్యల సంగతి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తేదీని 20241015 అని సంవత్సరం, నెల, రోజు కలిపేసి ఇస్తాయి. మనిషి చూస్తే 2024 అక్టోబర్ 15 అని అర్థమవుతుంది, ఎక్సెల్‌కు మాత్రం అది రెండు కోట్ల పైచిలుకు సంఖ్య. దానికి తేదీ ఫార్మాట్ ఇస్తే 2958465 ఎప్పుడో దాటిపోయింది కాబట్టి హ్యాష్‌లు. ముందు ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చి, కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కి, మూడో మెట్టులో డేట్ ఎంచుకుని పక్కన వైఎండీ అని పెట్టి ఫినిష్ కొట్టండి. వేల వరసలైనా ఒక్క దెబ్బతో నిజమైన తేదీలవుతాయి. ఫార్ములానే కావాలంటే =డేట్(లెఫ్ట్(ఏ2,4),మిడ్(ఏ2,5,2),రైట్(ఏ2,2)).

అడ్డగీతలు లేకుండా చేత్తో కొట్టేవాళ్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, హ్యాష్‌ల కంటే పెద్దది. తేదీ ఫార్మాట్ ఉన్న సెల్‌లో 15102024 కొడితే హ్యాష్‌లు వస్తాయి, తప్పని తెలుస్తుంది. అదే 01012025 కొడితే ముందు సున్నా పోయి 1012025 అవుతుంది, అది హద్దు లోపలే ఉంది, కాబట్టి ఎక్సెల్ దాన్ని 4670వ సంవత్సరంలో ఏదో తేదీగా చూపిస్తుంది. సంవత్సరం రెండంకెలే చూపించే ఫార్మాట్ ఉంటే అది 70 అని కనిపిస్తుంది, ఇక ఎవరూ కనిపెట్టలేరు. నలుగురు డేటా ఎక్కించే షీట్ అయితే డేటా వాలిడేషన్‌లో డేట్ ఎంచుకుని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఒప్పుకోవాలో పెట్టండి.

పది అంకెల సంఖ్య, 17తో మొదలయ్యేది కనిపిస్తే అది యూనిక్స్ టైమ్ అయి ఉండొచ్చు, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. దాన్ని 86400తో భాగించి 25569 కలపండి, తేదీ ఫార్మాట్ ఇవ్వండి. 1700000000 అయితే 2023 నవంబర్ 14 వస్తుంది. 13 అంకెలుంటే అవి మిల్లీసెకన్లు, 86400000తో భాగించాలి. వచ్చేది ప్రపంచ ప్రామాణిక సమయం, మీ ప్రాంతపు టైమ్ కావాలంటే ఆ గంటల తేడాను 24తో భాగించి కలుపుకోవాలి.

మీ దగ్గర బాగుండి, పంపాక హ్యాష్‌లు వస్తే

ఫార్మాట్ జాబితాలో కొన్ని తేదీల ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. అవి ఆ కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగ్‌ను బట్టి మారే ఫార్మాట్లు. మీ దగ్గర పొట్టిగా కనిపించిన తేదీ అవతలివాళ్ల దగ్గర నెల పేరుతో పొడుగ్గా మారొచ్చు, అప్పుడు అక్కడ హ్యాష్‌లు. రోజు, నెల వరస కూడా తారుమారవుతుంది. బయటికి పంపే ఫైళ్లలో నక్షత్రం లేని ఫార్మాట్ గానీ, మీరే రాసిన కస్టమ్ ఫార్మాట్ గానీ వాడండి. మీరు వాడిన ఫాంట్ వాళ్ల కంప్యూటర్‌లో లేకపోయినా ఇదే గొడవ, దాని బదులు వచ్చిన ఫాంట్ కాస్త వెడల్పుగా ఉంటే చాలు.

ప్రింట్‌లోనూ, పీడీఎఫ్‌లోనూ ఇలాగే జరుగుతుంది. స్క్రీన్ మీద అంచుకు అంచు సరిగ్గా సరిపోయిన తేదీ ప్రింటర్ కొలతల్లో వెంట్రుకవాసి ఎక్కువై హ్యాష్‌లుగా పడుతుంది. జూమ్ మార్చినప్పుడు స్క్రీన్ మీదే ఇది కనిపిస్తుంది, 100 శాతంలో బాగున్నది 80 శాతంలో హ్యాష్‌లవుతుంది. అందుకే ఆటోఫిట్ చేశాక నేను ప్రతి తేదీ కాలమ్‌ను ఒక అక్షరం మేర అదనంగా పెంచుతాను. ఆపైన కంట్రోల్ + పీ కొట్టి ప్రివ్యూలో అన్ని పేజీలు తిప్పి చూస్తాను. మొదటి పేజీ ఒక్కటే చూస్తే సరిపోదు, పొడవైన తేదీ ఏడో పేజీలో ఉండొచ్చు.

హ్యాష్‌లు కనిపిస్తున్నప్పుడే ఆ సెల్స్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లోనో మెయిల్‌లోనో పేస్ట్ చేస్తే అక్కడ కూడా హ్యాష్‌లే పడతాయి, అక్కడ వాటి వెనక తేదీ ఏమీ ఉండదు. కాబట్టి ముందు కాలమ్ పెంచండి, తర్వాతే కాపీ. వెతకడంలోనూ ఇదే తంటా. ఫైండ్ పెట్టెలో లుక్ ఇన్ దగ్గర వాల్యూస్ అని ఉంటే అది కనిపించేదాన్ని బట్టే వెతుకుతుంది, హ్యాష్‌ల వెనక ఉన్న తేదీ దానికి దొరకదు, లేదనుకుని మీరు ముందుకు వెళ్లిపోతారు.

ఎక్సెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ కాల్క్ వాడేవాళ్లకు కూడా పైన వెడల్పు గురించి చెప్పినవి చాలావరకు వర్తిస్తాయి. అక్కడ సెల్ నిండా కాకుండా ### అని మూడే గుర్తులు వస్తాయి, గీత మీద డబుల్ క్లిక్ అక్కడా పనిచేస్తుంది. మాట తెగిపోతే మాత్రం సెల్ అంచున చిన్న ఎర్ర త్రికోణం చూపిస్తుంది. పెద్ద తేడా నెగటివ్ దగ్గరే: కాల్క్ 1899 డిసెంబర్ 30ని సున్నాగా పెట్టుకుని వెనక్కి కూడా లెక్కపెడుతుంది కాబట్టి నెగటివ్ సంఖ్యను అంతకుముందు తేదీగా చూపించేస్తుంది. హ్యాష్‌లు రావు గానీ, గడువు లెక్కలో ఎక్కడో 1899 నాటి తేదీ ప్రత్యక్షమైతే అది అసలు తేదీ కాదు. తీసివేతలో మైనస్ వచ్చిందని, ఆ సెల్‌కు నంబర్ ఫార్మాట్ ఇవ్వాలని అర్థం.